సయాటికాకు (నడుము దగ్గర నరం నలిగి కాలికి లాగే నొప్పికి) వెన్నులో ఇంజెక్షన్: ఎవరికి, ఏ దారిలో, ఎన్నిసార్లు?

ప్రశ్న | ఫిజియో, రాయలసీమ

పేషెంటు వయసు 56, లారీ డ్రైవరు. తొమ్మిది వారాలుగా కుడి పిర్ర దగ్గర మొదలై తొడ పక్కగా, పిక్క బయటివైపు నుంచి పాదం పైభాగానికి, అక్కణ్ణుంచి బొటనవేలికి లాగుతోంది. నడుము నొప్పి పదికి మూడు, కాలు నొప్పి పదికి ఎనిమిది అంటున్నారు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు ఎత్తితే 40 డిగ్రీల దగ్గరే అరుస్తున్నారు. బొటనవేలు పైకెత్తే బలం 4/5 (5 అంటే పూర్తి బలం). మడమల మీద నడవగలరు. మూత్రం, విరేచనం ఇబ్బంది లేదు, కూర్చునే చోట స్పర్శ బాగుంది.

ఎమ్మారైలో ఎల్4–ఎల్5 (నడుము నాలుగో, ఐదో పూసల మధ్య) డిస్కు కుడివైపుకు జారి ఎల్5 నరాన్ని నొక్కుతోంది. ఎల్5–ఎస్1 దగ్గర కూడా కొంచెం ఉబ్బు ఉంది గానీ నరానికి తగలడం లేదు. పదేళ్లుగా షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4. గుండెకు స్టెంటు వేసి 14 నెలలు, రక్తం గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 రెండూ నడుస్తున్నాయి. నరాల నొప్పి మాత్ర ప్రీగాబాలిన్ నెలన్నరగా వేసుకుంటున్నా కాలు నొప్పి అలాగే ఉంది, పగలంతా మగత ఒకటి మిగిలింది.

ఒకచోట పదిహేను రోజులకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు కలిపి ప్యాకేజీ అన్నారట. ఇంకోచోట నేరుగా ఆపరేషన్ అన్నారట. ఇంజెక్షన్ ఈయనకు పనికొస్తుందా? పక్క రంధ్రంలోంచా, మధ్యలోంచా, తోకఎముక దగ్గర్నుంచా? మూడు తప్పనిసరా? స్టెంటు మాత్రలు, షుగరు సంగతేమిటి? తర్వాత వ్యాయామం ఎన్నో రోజు మొదలుపెట్టాలి?

జవాబు | పెయిన్ మెడిసిన్ డాక్టరు

ఫిజియో గారూ, మీరు రాసిన వివరాల్లో అన్నిటికంటే విలువైనది "నడుము మూడు, కాలు ఎనిమిది" అన్న మాట. ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ (వెన్నులో నరాల పొర బయటి సందులోకి ఇచ్చే, వాపు తగ్గించే మందు) కాలి నొప్పికి ఇచ్చేది. జారిన డిస్కు ముక్క నరాన్ని నొక్కడమే కాదు, దాని గుజ్జులోని రసాయనాలు నరం చుట్టూ వాపు తెస్తాయి. ఇంజెక్షన్ ఆ వాపును దించుతుంది. డిస్కును వెనక్కి నెట్టదు, కరిగించదు. అందుకే ఉత్త నడుము నొప్పికి ఇది దాదాపు పనిచెయ్యదు. బ్రిటన్‌లో 2016లో వచ్చిన నైస్ (అక్కడి ఆరోగ్య సలహా సంస్థ) మార్గదర్శకాలు కూడా ఉత్త నడుము నొప్పికి వెన్నులో ఇంజెక్షన్లు వద్దని, సయాటికా కొత్తగా, తీవ్రంగా ఉన్నప్పుడు ఎపిడ్యూరల్ ఆలోచించవచ్చని చెప్పాయి.

రెండోది, నొప్పి దారికీ ఎమ్మారైకీ పొంతన కుదరాలి. ఎల్4–ఎల్5 దగ్గర పక్కకు జారితే సాధారణంగా నలిగేది ఎల్5 నరం. అది పాదం పైభాగం, బొటనవేలు. ఈయనకు సరిగ్గా అదే. చిటికెన వేలు, అరికాలు బయటి అంచు లాగుతూ మడమ వెనక రిఫ్లెక్స్ తగ్గి ఉంటే ఎస్1 అనుకోవాలి. ఈ వయసులో ఎవరికి ఎమ్మారై తీసినా ఎక్కడో ఒక ఉబ్బు కనిపిస్తుంది. రిపోర్టులో రెండు చోట్ల రాశారని రెండు చోట్లా సూది వెయ్యకూడదు.

దారి గురించి. జారింది ఒక పక్కే, నరం ఒకటే కాబట్టి పక్క రంధ్రంలోంచి వెళ్లే ట్రాన్స్‌ఫొరామినల్ పద్ధతి మేలు. మందు నరం ముందువైపుకు, అంటే డిస్కు తగిలే చోటికే చేరుతుంది. 2 నుంచి 3 మి.లీ. చాలు. మధ్యలోంచి ఇచ్చేదానికి 5 నుంచి 8 మి.లీ. పడుతుంది, రెండు కాళ్లూ లాగేవాళ్లకు అది నప్పుతుంది. తోకఎముక పైనున్న కాడల్ దారిలో 10 నుంచి 20 మి.లీ. పంపాలి. మందు పలచబడిపోయి ఎల్4–ఎల్5 దాకా ఎంత చేరుతుందో చెప్పలేం. కానీ అక్కడ ముందే ఆపరేషనై మచ్చ కట్టి ఉంటే ఆ దారే నయం.

మందు విషయంలో గట్టిగా అడగాల్సిన మాట ఒకటుంది. పక్క రంధ్రంలో నరంతో పాటు వెన్నుపాముకు రక్తం తీసుకెళ్లే ధమని కొమ్మ ఉండవచ్చు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్, ట్రయామ్సినొలోన్ మందుల్లో కణాలుంటాయి. అవి పొరపాటున ఆ ధమనిలోకి పోతే వెన్నుపాముకు రక్తం ఆగి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అరుదే, కానీ జరిగితే తిరిగిరాదు. వెన్నులో స్టెరాయిడ్ వల్ల ఇలాంటి ప్రమాదాలు ఉన్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014 ఏప్రిల్‌లో హెచ్చరిక ఇచ్చింది. డెక్సామెథసోన్‌లో కణాలు లేవు. కాబట్టి ఈ దారిలో మొదటి ఇంజెక్షన్ డెక్సామెథసోనే కావాలి, 8 మి.గ్రా. చాలు. సీసా చూస్తే తేడా తెలుస్తుంది. డెక్సా నీళ్లలా తేటగా ఉంటుంది, కణాలున్నది పాలలా తెల్లగా ఉండి కదిపితేనే కలుస్తుంది.

మూడు తప్పనిసరా అన్నదానికి జవాబు, కాదు. ముందే మూడింటికి డబ్బు కట్టించుకునే పద్ధతికి ఆధారం లేదు. ఒకటి ఇచ్చి రెండు వారాలు చూడాలి. నొప్పి సగానికి సగం తగ్గి, కొన్ని వారాలకు తిరిగొస్తే అప్పుడు రెండోది. మొదటిదానికి ఏమాత్రం తగ్గకపోతే అదే ఇంజెక్షన్ మళ్లీ వెయ్యడంలో అర్థం లేదు, రోగనిర్ధారణ మళ్లీ మొదటికి తీసుకెళ్లాలి. ఏడాదికి మూడు, మహా అయితే నాలుగు. ఈ లెక్కలో మోకాలికి, భుజానికి వేయించుకున్న స్టెరాయిడ్లూ, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒళ్లు నొప్పులకు పొడిపించుకున్న డెక్సా ఇంజెక్షన్లూ కలపాలి. అవి ఎవరూ చెప్పరు, మనమే గుచ్చిగుచ్చి అడగాలి.

ఎంత ఆశ పెట్టుకోవచ్చు? 25 పరిశోధనలు కలిపి చూసిన 2020 నాటి కొక్రేన్ సమీక్షలో ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోలిస్తే కాలి నొప్పి సగటున 100కి 5 పాయింట్లే ఎక్కువ తగ్గింది. సగటు అంటే బాగా తగ్గినవాళ్లూ అసలు తగ్గనివాళ్లూ కలిసిన లెక్క. సరిగ్గా ఎంచుకున్న పేషెంటుకు నాలుగైదు వారాల నుంచి మూడు నెలల దాకా ఊరట రావచ్చు, ఆలోగా ఒళ్లు తనంతట తాను మానే పని చేసుకుంటుంది. శాశ్వతంగా నయం చేస్తామన్న మాట వింటే ఆ గుమ్మం దిగి వచ్చెయ్యండి.

ప్రీగాబాలిన్ గురించి ఒక్క ముక్క. సయాటికాలో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కాదని 2017లో ఆస్ట్రేలియా పరిశోధన తేల్చింది. మగత తప్ప ఏమీ మిగలని లారీ డ్రైవరుకు అది కొనసాగించడం ప్రమాదం. ఒక్కసారిగా ఆపకుండా, రాసిన డాక్టరుతో మాట్లాడి వారం పైన మెల్లగా తగ్గించాలి.

జవాబు | సీ-ఆర్మ్ టెక్నీషియన్

డాక్టరు గారు మందు గురించి చెప్పారు, నేను సీ-ఆర్మ్ (సూది వేస్తుండగా తెర మీద చూపే ఎక్స్‌రే యంత్రం) బొమ్మ గురించి చెబుతాను. ఈ ఇంజెక్షన్ మంచీచెడూ సగం తెర మీదే తేలిపోతుంది.

బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెడతాం, నడుము వంపు తగ్గి సందులు తెరుచుకుంటాయి. మొదట నేరుగా ఒక చిత్రం తీసి ఎముకలు లెక్కపెట్టాలి. ఈ లెక్కలోనే పొరపాట్లు జరుగుతాయి. కొందరికి ఎల్5 కింది ఎముకతో అతుక్కుని ఉంటుంది, కొందరికి ఎస్1 విడిగా ఉండి ఆరో నడుము పూసలా కనిపిస్తుంది. ఎమ్మారైలో ఎల్4–ఎల్5 అన్నది తెర మీద ఇంకో సందు అయిపోతుంది. అందుకే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, ఎమ్మారై ఫిల్ములు గాని సీడీ గాని గదిలో ఉండాలి. పాత ఎక్స్‌రే ఉంటే మరీ మంచిది. కుడి ఎడమలు తారుమారు కాకుండా పేషెంటు మెలకువగా ఉండగానే ఆ పక్క చర్మం మీద గుర్తు పెట్టించాలి.

తర్వాత ఎక్స్‌రే ట్యూబును 20 నుంచి 30 డిగ్రీలు పక్కకు వంచితే పూసల్లో కుక్కపిల్ల బొమ్మ కనిపిస్తుంది. దాని కన్ను పెడికిల్, అంటే పూస ముందు భాగాన్ని వెనక భాగంతో కలిపే ఎముక కాడ. ఆ కంటికి కింద, గడియారంలో ఆరు అంకె ఉండేచోటికి 22 గేజి సూది నడుపుతారు. చర్మానికి ఒక శాతం లిగ్నోకైన్ మత్తుమందు రెండు మూడు మి.లీ. చాలు. సూది లోపలికి వెళ్లాక పక్కవైపు చిత్రం తప్పనిసరి, లోతు అందులోనే తెలుస్తుంది. నేరు చిత్రం మాత్రమే చూసి మందు తోసేస్తే సూది కొస ఎంత ముందుకెళ్లిందో ఎవరికీ తెలియదు.

ఆ మీదట అయొహెక్సాల్ కాంట్రాస్టు (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) ఒకటి లేదా ఒకటిన్నర మి.లీ. ఎక్కిస్తూ తెర నడుస్తుండగానే చూడాలి. ఎక్కించి ఆపాక తీసిన ఫొటోలో రక్తనాళం దొరకదు, క్షణంలో కొట్టుకుపోతుంది. నరం వెంట సన్నటి గీతలా పాకి పెడికిల్ లోపలి అంచు చుట్టి పైకి వెళితే మనం వెళ్లాల్సిన చోటే. మెరుపులా పరుగెత్తి మాయమైతే రక్తనాళం, సూది కదపాలి. సిరంజి వెనక్కి లాగితే రక్తం రాలేదు కదా అని ధైర్యపడేవాళ్లున్నారు. సూది నాళంలో ఉన్నా చాలాసార్లు రక్తం రాదు, కాబట్టి ఆ పరీక్షను నమ్ముకోకూడదు. కాంట్రాస్టు సరిగ్గా పాకాక లిగ్నోకైన్ ఒక మి.లీ. ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు ఆగి, కాళ్లు కదుపుతున్నారని చూసుకుని, ఆ తర్వాతే స్టెరాయిడ్. మొత్తం పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

కాడల్ దారిలో సీ-ఆర్మ్ లేకుండా చేతి అంచనాతో వేసేవి ఇప్పటికీ ఉన్నాయి. అలా వేసినప్పుడు నాలుగింట ఒకటి చొప్పునైనా సరైన చోట పడదు. వెళ్లేముందు ఫోన్ చేసి రెండే అడగమనండి: "సీ-ఆర్మ్‌లో చూస్తూ వేస్తారా? కాంట్రాస్టు ఎక్కిస్తారా?" తడబడితే వెళ్లనక్కర్లేదు. పూర్తి మత్తు ఇస్తామంటే అదీ వద్దు. సూది నరానికి తగిలితే కాలికి షాక్ కొట్టినట్టవుతుంది. "డాక్టర్ గారూ, కాలు లాగింది" అని చెప్పేందుకు పేషెంటుకు తెలివి ఉండాలి. కదలకుండా ఉండటానికి కొద్దిగా ఊరటనిచ్చే మందు ఇస్తే చాలు.

వ్యాఖ్య | పాఠకురాలు, హనుమకొండ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. కాలు నొప్పి అసలు లేకుండా రెండేళ్లుగా నడుము ఒక్కటే, వెనక్కి వంగితే, ఎక్కువసేపు నిలబడితే ఎక్కువయ్యేవాళ్లకు కూడా ఈ ఇంజెక్షనే రాస్తున్నారు. అది సరైనదేనా? సిజేరియన్‌కి వెన్నులో మత్తు ఇచ్చినప్పటి నుంచే నడుము నొప్పి అనేవాళ్లు చాలామంది, మళ్లీ వెన్నులో సూది అంటే బెదిరిపోతున్నారు.

జవాబు | పెయిన్ మెడిసిన్ డాక్టరు

మేడమ్, వాళ్లకు ఎపిడ్యూరల్ కాదు. వెనక్కి వంగితే ఎక్కువయ్యే నొప్పి వెన్ను వెనకనున్న చిన్న కీళ్లది కావచ్చు. ఆ కీళ్ల నరాలకు అరమిల్లీలీటరు చొప్పున మత్తుమందు మాత్రమే ఇచ్చి, ఆ కొన్ని గంటల్లో నొప్పి బాగా తగ్గిందా అని చూస్తారు. అలా రెండుసార్లు చేసి, రెండుసార్లూ తగ్గితేనే ఆ నరాలను 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిమిషం, నిమిషంన్నర కాల్చే రేడియోఫ్రీక్వెన్సీ మాట ఎత్తాలి. ఆ ఊరట ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉండొచ్చు, నరం మళ్లీ పెరుగుతుంది. అయితే 2025లో బీఎంజే పత్రికలో వచ్చిన మార్గదర్శకాలు మూడు నెలలు దాటిన వెన్నునొప్పికి ఇదీ, ఎపిడ్యూరలూ రెండూ వద్దనే గట్టిగా చెప్పాయి. నొప్పి వైద్యుల సంఘాలు కొన్ని ఒప్పుకోలేదు. నా మటుకు, ముందు మూడు నెలలు క్రమం తప్పని వ్యాయామం చేసి చూడనివాళ్లకు సూది ఎత్తకూడదంటాను.

భయం సంగతికి వస్తే, వెన్నుపాము పెద్దవాళ్లలో ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ముగుస్తుంది. సిజేరియన్ మత్తు ఇచ్చేది అంతకంటే కింద. సూది పొడిచిన చోట కొద్దిరోజులు పచ్చిగా ఉంటుంది, అంతే. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి ఆ సూది కారణమన్నదానికి ఆధారం లేదు. బిడ్డను ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం, పొట్ట కండరాలు వదులవడం వీటిని చూడండి.

జవాబు | వెన్నెముక సర్జను

ఈ పేషెంటును ఇప్పుడే ఆపరేషన్ బల్ల ఎక్కించాల్సిన పని లేదు. నెదర్లాండ్స్‌లో 283 మందితో చేసిన 2007 నాటి అధ్యయనంలో తొందరగా ఆపరేషన్ చేసినవాళ్లకు కాలి నొప్పి త్వరగా తగ్గింది గానీ, ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవాళ్లూ వాళ్లూ ఒకే మెట్టు మీద ఉన్నారు. బ్రిటన్‌లో 2021లో వెలువడిన నర్వ్స్ పరిశోధన ఇంకా నేరుగా ఈయనకు వర్తిస్తుంది. 163 మంది, ఆరు వారాల నుంచి ఏడాది లోపు సయాటికా. సగం మందికి ట్రాన్స్‌ఫొరామినల్ ఇంజెక్షన్, సగం మందికి మైక్రోడిస్కెక్టమీ, అంటే చిన్న కోతతో జారిన డిస్కు ముక్క తీసే ఆపరేషన్. 18 వారాలకు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి తొమ్మిది వారాల దగ్గర ముందు ఇంజెక్షన్ అన్నది న్యాయమైన వరస.

అయితే బొటనవేలి బలం 4/5 అన్నారు కదా, వారానికోసారి అదే చేత్తో పరీక్షించి తేదీ వేసి రాసిపెట్టండి. 3/5కి దిగినా, పాదం ఈడ్చినా, మెట్ల మీద చెప్పు జారిపోతోందన్నా ఇంజెక్షన్ మాట పక్కనపెట్టి పంపెయ్యండి. రెండు కాళ్లకూ పాకడం, మూత్రం వచ్చినట్టు తెలియకపోవడం, లేదా నిండినా రాకపోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు, అర్ధరాత్రయినా సరే. రేపు ఓపీకి వెళదాంలే అనుకుంటే మూత్రంపై పట్టు జీవితాంతం తిరిగిరాకపోవచ్చు.

మన దగ్గర ఇంకొకటి మరవకూడదు, వెన్నెముక టీబీ. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే, ఒంట్లో వాపు చెప్పే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ చేయించి, ఎమ్మారైలో పూసల అంచులు మళ్లీ చూడకుండా స్టెరాయిడ్ వెయ్యకూడదు. షుగరున్నవాళ్లలో ఈ అనుమానం ఒక పాలు ఎక్కువే ఉండాలి. ఇంజెక్షన్ చోట చర్మంపై సెగ్గడ్డ, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ముందు అది తగ్గాలి. స్క్రూలు బిగించే ఆపరేషన్ నెల లోపు అనుకుంటే ఇంజెక్షన్ వేయించకపోవడమే మంచిది, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

ప్రశ్న | ఫిజియో, రాయలసీమ

ధన్యవాదాలు సార్. క్లోపిడోగ్రెల్, షుగరు మిగిలాయి. ఒకటి ఇచ్చి తగ్గకపోతే "రోగనిర్ధారణ మళ్లీ మొదటికి" అన్నారు, ఈయనలో ఏం వెతకాలి?

జవాబు | పెయిన్ మెడిసిన్ డాక్టరు

ముందు మాత్రలు. వెన్నులో రక్తం గడ్డ కడితే కొన్ని గంటల్లో కాళ్లు పోతాయి, కాబట్టి క్లోపిడోగ్రెల్ ఏడు రోజుల ముందు ఆపాలి. కానీ అది మీరూ నేనూ ఆపేది కాదు. స్టెంటు వేసిన కార్డియాలజిస్టు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 14 నెలలు అయింది కాబట్టి చాలావరకు ఒప్పుకుంటారు, అసలు రెండు మాత్రలూ ఇంకా అవసరమా అన్నది కూడా తేల్చవచ్చు. స్టెంటు వేసి మూడు నాలుగు నెలలే అయి ఉంటే ఇంజెక్షనే వాయిదా వేసేవాళ్లం. ఆస్పిరిన్ మామూలుగా కొనసాగుతుంది. అంతా సవ్యంగా ఉంటే మర్నాటి నుంచి క్లోపిడోగ్రెల్ మళ్లీ మొదలు. వార్ఫరిన్ వాడేవాళ్లయితే ఐదు రోజుల ముందు ఆపి, ఆ ఉదయం రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ చూడాలి. పేషెంట్లు "రక్తం పలచబడే మాత్ర" అనరు, "గుండె మాత్ర" అంటారు. చీటీ చూసి పేరు రాసుకోండి.

షుగరు. 8.4 ఎక్కువే, తొందరేమీ లేకపోతే రెండు మూడు వారాలు దించి వేయించడం నయం. కాలు నిద్ర పట్టనివ్వకపోతే డయాబెటిస్ డాక్టరుతో ముందే మాట్లాడుకుని వేయవచ్చు. డెక్సా తర్వాత రెండు మూడు రోజులు, కణాలున్న మందైతే వారం దాకా షుగరు ఎగురుతుంది. వంద పాయింట్లు పెరగడం కొత్తేమీ కాదు. పరగడుపున కంటే మధ్యాహ్నం, రాత్రి భోజనాల తర్వాత ఎక్కువ పెరుగుతుంది, కాబట్టి పొద్దున ఒక్కసారి చూసి నిశ్చింతపడకూడదు. ఐదు రోజులు మూడు పూటలా గ్లూకోమీటరుతో చూడాలి, 300 దాటితే ఫోన్ చెయ్యాలి. మొహం ఎర్రబడటం, ఒక రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలే. హెచ్‌ఐవీ మందుల్లో రిటొనావిర్ ఉన్నా, ఇట్రాకొనజోల్ వాడుతున్నా స్టెరాయిడ్ ఒంట్లో నిలిచిపోతుంది, అది ముందే చెప్పాలి.

ఇంజెక్షన్ అయ్యాక కాలు రెండు నుంచి ఆరు గంటలు మొద్దుగా ఉండవచ్చు. ఆ రోజు బండి, లారీ ఏదీ ముట్టకూడదు, పక్కన మనిషి ఉండాలి. ఆ తొలి గంటల్లో కాలు నొప్పి ఎంత తగ్గిందో రాసుకోమనండి. ఆ మత్తుకు బాగా తగ్గితే సరైన నరానికే చేరామని గుర్తు. తర్వాత ఒకటి రెండు రోజులు నొప్పి తిరిగి రావచ్చు. స్టెరాయిడ్ పని రెండో రోజు నుంచి వారం లోపు మొదలవుతుంది. ఇంజెక్షన్ పనిచెయ్యలేదని తీర్పు చెప్పడానికి పద్నాలుగో రోజు దాకా ఆగాలి.

మీ వంతు: మర్నాటి నుంచే నడక, మూడో రోజు నుంచి వాలుతూ లేచే వ్యాయామాలు, నొప్పి కాలి నుంచి నడుము వైపు వెనక్కి జరుగుతోందా అన్నది చూస్తూ. వారం తర్వాత పిర్ర, పొట్ట కండరాల బలం. నొప్పి తగ్గిన ఈ నాలుగు నుంచి ఆరు వారాలు మీకు దొరికిన అవకాశం. నొప్పి పోయింది కదా అని మూడో రోజే లోడు ఎక్కించుకుని బయలుదేరితే అదంతా వృథా. గంటన్నరకోసారి దిగి నడవడం, క్యాబిన్‌లోంచి దూకకుండా మెట్టు పట్టుకుని దిగడం, టార్పాలిన్ తాళ్లు వంగి లాగకపోవడం ఇప్పుడే నేర్పండి.

తగ్గకపోతే ఈయనలో వెతికేవి: మోకాలి కింద బయటివైపు బొడిపె దగ్గర పెరోనియల్ నరం నలగడం, అక్కడ వేలితో తడితే పాదంలోకి జివ్వుమంటుంది. తుంటి కీలు, మోకాలు మడిచి లోపలికి తిప్పితే గజ్జల్లో నొప్పి వస్తుంది. షుగరు వల్ల తొడ నరాలు దెబ్బతినడం, తొడ సన్నబడి బరువు తగ్గుతారు. నడిస్తే వచ్చి, వంగకుండా నిలబడినా తగ్గే పిక్క నొప్పి అయితే పాదంలో నాడి చూడండి, స్టెంటు ఉన్న మనిషికి కాలి రక్తనాళాలూ పూడుకుని ఉండవచ్చు.

జవాబు | సీ-ఆర్మ్ టెక్నీషియన్

ఆ రోజు తీసుకెళ్లాల్సినవి చెప్పడం మరిచాను. ఎమ్మారై సీడీ, కార్డియాలజిస్టు రాసిన కాగితం, వాడే మాత్రల అట్టలు, ఆ ఉదయం షుగరు అంకె. కాంట్రాస్టుకు గాని, లిగ్నోకైన్‌కు గాని ఇదివరకు దద్దుర్లు వచ్చి ఉంటే పెద్ద అక్షరాలతో రాసి చేతికివ్వమనండి. ఇంటికి బయలుదేరేముందు వేసిన మందు పేరు, మోతాదు, ఏ పూస దగ్గర అన్నది రాసిన చీటీతో పాటు కాంట్రాస్టు పాకిన చిత్రం కాపీ ఒకటి అడిగి తెచ్చుకోవాలి, రెండోసారి ఎక్కడికెళ్లినా అది కావాలి. రాత్రి ఎత్తే ఫోన్ నంబరు కూడా తీసుకోవాలి: జ్వరం, లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి, నడుములో కొత్తగా తీవ్రమైన నొప్పి, మొద్దు వదిలిన కాలు మళ్లీ బలహీనపడటం. ఆఖరి రెండిటికీ ఫోన్‌లో సలహాతో సరిపెట్టుకోకుండా నేరుగా ఎమ్మారై ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.